డిగ్రీ కాలేజీలో ఫ్లెక్సిబుల్ టీచింగ్, మన ట్రైనింగ్‌లు: పాలమూరు, నల్లగొండ అధ్యాపకులు తరచుగా అడిగే ప్రశ్నలు

ఉమ్మడి మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల డిగ్రీ కాలేజీల్లో పాఠాలు చెప్పేవాళ్లు ఎక్కడ కలిసినా ఇవే ప్రశ్నలు. స్టాఫ్ రూంలో అడుగుతారు, వాల్యుయేషన్ క్యాంపులో అడుగుతారు, రాత్రి పదింటికి వాట్సాప్‌లోనూ అడుగుతారు. ప్రతిసారీ మొదటి నుంచి చెప్పుకుంటూ పోయే బదులు ఒకచోట రాసిపెట్టాను. ఎవరికి కావలసిన ప్రశ్న దగ్గరికి వాళ్లు నేరుగా వెళ్లిపోవచ్చు. ఇందులో ఉన్నది పాలమూరు యూనివర్సిటీ, మహాత్మా గాంధీ యూనివర్సిటీ పరిధిలోని మామూలు కాలేజీల సంగతి. పెద్ద నగరాల క్యాంపస్‌ల గొడవ మనకు వద్దు.

## మొదలుపెట్టక ముందు

ఫ్లెక్సిబుల్ టీచింగ్ అంటే ఆన్‌లైన్ క్లాసులేగా? అది కరోనాతోనే పోయింది కదా?

ఆన్‌లైన్ అందులో ఒక భాగం, అంతే. 2020 మార్చిలో కాలేజీలు మూతపడ్డాక మనం చేసింది గత్యంతరం లేక చేసిన పని. దాన్నే నమూనాగా పెట్టుకుంటే ఎవరికైనా విసుగే పుడుతుంది. విద్యార్థి ఎప్పుడు చదవాలి, ఎక్కడ చదవాలి, ఏ భాషలో మొదలుపెట్టాలి, వచ్చిందని ఎలా చూపించాలి అన్న వాటిలో కొంత వెసులుబాటు ఇవ్వడమే ఈ పద్ధతి. సిలబస్ అదే, సెమిస్టర్ పరీక్షా అదే. నెట్ లేని కాలంలోనూ ఇది నడిచింది. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో మన దగ్గరే పుట్టింది. ఇప్పుడు అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ అంటున్నదే అది. పొలం పనో ఉద్యోగమో చేసుకుంటూ, అచ్చు పుస్తకాలతో, సెలవు రోజు క్లాసులతో డిగ్రీ పూర్తి చేసినవాళ్లు మన ఊళ్లలో ఎంతమంది లేరు!

మా కాలేజీలో అటెండెన్స్ బాగానే ఉంటుంది. మాకు ఇది అవసరమా?

మొత్తం శాతం చూడకండి. నెలవారీగా, పీరియడ్ వారీగా చూడండి. దేవరకొండ, అచ్చంపేట వైపు తండాల నుంచి వచ్చే పిల్లలు చివరి పీరియడ్‌లో కనిపించరు, ఊరికి పోయే బస్సు అంతకుముందే కదులుతుంది కాబట్టి. 2023 డిసెంబర్‌లో మహాలక్ష్మి పథకం వచ్చాక ఆడపిల్లలకు టికెట్ బాధ తప్పింది గానీ, చాలా ఊళ్లకు బస్సు టైం మాత్రం అదే. పత్తి ఏరే నెలల్లో ఒక బ్యాచ్‌కు బ్యాచే మాయమవుతుంది. నారాయణపేట, మక్తల్ వైపు అమ్మానాన్నలు వలస పోతే తమ్ముళ్లనూ మేకలనూ చూసుకునేది డిగ్రీ చదివే అక్కే. మీ టీచింగ్ ప్లాన్‌నూ అటెండెన్స్ రిజిస్టర్‌నూ పక్కపక్కన పెట్టుకుని కూర్చుంటే ఎవరికి ఏ పాఠం అందలేదో అరగంటలో తేలిపోతుంది. అవసరం ఉందో లేదో అప్పుడు మీరే చెప్పగలరు.

సిలబస్సే అవడం లేదు. ఇక ఈ ప్రయోగాలకు టైం ఎక్కడిది సార్?

న్యాయమైన ప్రశ్న. యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2018 నిబంధనల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు వారానికి 16 గంటలు, ఆపై హోదాల వాళ్లకు 14 గంటలు బోధన అని ఉంది. డిపార్ట్‌మెంట్ మొత్తానికీ ఒక్కరే ఉన్నచోట ఆ అంకెలు చూసి నవ్వుకోవడమే. పైగా దోస్త్ (డిగ్రీ సీట్ల ఆన్‌లైన్ విధానం) అడ్మిషన్లు విడతలవారీగా సాగి, చివరి విద్యార్థి చేరేసరికి మొదటి యూనిట్ అయిపోయి ఉంటుంది.

అందుకే సెమిస్టర్ మొత్తాన్ని మార్చే పని పెట్టుకోకండి. ఒక పేపర్, అందులో ఒక యూనిట్ చాలు. ఏ యూనిట్‌లో పిల్లలు ఏటా బోల్తా పడతారో జవాబు పత్రాలు దిద్దే మీకు ఒకరు చెప్పక్కర్లేదు. ఆ యూనిట్ నోట్సును రెండు పేజీల్లోకి కుదించి ముందే జిరాక్స్ ఇచ్చేయండి. మన క్లాసుల్లో చాలాసార్లు పాఠం కంటే డిక్టేషన్‌కే ఎక్కువ సేపు పడుతుంది. రాయించడం తగ్గితే కావలసినంత టైం అక్కడే దొరుకుతుంది.

సగం సిలబస్ ఆన్‌లైన్‌లో చెప్పుకోవచ్చని యూజీసీ అందట, నిజమేనా?

సగం అనలేదు. 2021 మేలో వచ్చిన బ్లెండెడ్ లెర్నింగ్ కాన్సెప్ట్ నోట్‌లో ఒక కోర్సులో 40 శాతం దాకా ఆన్‌లైన్, మిగతాది ముఖాముఖి అని ఉంది. అదే ఏడాది కేంద్రం నడిపే ఆన్‌లైన్ కోర్సుల వేదిక ‘స్వయం’ నిబంధనలను సవరించి, స్వయం కోర్సుల ద్వారా 40 శాతం దాకా క్రెడిట్లు తెచ్చుకోవచ్చన్నారు. 2016లో ఆ పరిమితి 20 శాతం. ఈ రెండు నలభైలూ వేర్వేరు, కలిపేసుకోవద్దు. ఏదైనా సరే మీ యూనివర్సిటీ ఒప్పుకున్నాకే. అటానమస్ కాలేజీ అయితే సిలబస్ ఖరారు చేసే బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో పెట్టించుకునే వీలుంది.

నేను గెస్ట్ లెక్చరర్‌ని. పీరియడ్‌కు ఇంతని ఇస్తారు. ఈ శ్రమంతా నేనెందుకు పడాలి?

పడాలని చెప్పే హక్కు నాకు లేదు. గెస్ట్ ఫ్యాకల్టీకి లెక్చర్‌కు 1,500 రూపాయలు, నెలకు 50,000 దాకా ఇవ్వొచ్చని యూజీసీ 2019లో మార్గదర్శకాలిచ్చింది. చేతికొచ్చేదానికీ దానికీ పొంతన ఎంతో మీకే తెలుసు. తయారీకి డబ్బు ఇవ్వనప్పుడు తయారీ తక్కువ పట్టే పనులే చేయండి: క్లాసు చివర ఒక ప్రశ్న, వారానికొక వాయిస్ మెసేజ్. చేసిన నోట్సు, ప్రశ్నల సెట్లు మీ సొంత డ్రైవ్‌లో దాచుకోండి. వచ్చే ఏడాది కాలేజీ మారినా అవి మీ వెంటే వస్తాయి.

రెగ్యులర్ సార్లకూ మేడంలకూ ఒక మాట. ‘కుర్రాడు, కంప్యూటర్ బాగా వచ్చు’ అంటూ డిపార్ట్‌మెంట్ ఆన్‌లైన్ పనులన్నీ గెస్ట్ నెత్తిన రుద్దడం మానుకుంటే మంచిది.

## సెమిస్టర్ మొదటి వారాల్లో

పిల్లలకు ఫోన్లున్నాయి గానీ మధ్యాహ్నానికే డేటా అయిపోతుంది. కొందరికి ఇంటికంతా ఒకటే ఫోన్. పాఠం ఏ రూపంలో పంపాలి?

ముందు కాగితం, తర్వాత గొంతు, చివర వీడియో. పది నిమిషాల వాయిస్ మెసేజ్ రెండు మూడు ఎంబీలకు మించదు. బస్టాండ్‌లో సిగ్నల్ ఉన్నప్పుడు దించుకుని చేనులో పని చేస్తూ వింటారు. ఒక వాయిస్‌లో ఒకే విషయం చెప్పండి. యూనిట్ పేరు మొదటి మాటల్లోనే రావాలి. పాఠాల గ్రూపులో అడ్మిన్ మాత్రమే పోస్ట్ చేసేలా సెట్టింగ్ పెట్టకపోతే, గుడ్ మార్నింగ్ పూలబొమ్మల మధ్య మీ పాఠం గల్లంతే.

ఫోన్ నాన్న దగ్గరో అన్న దగ్గరో ఉండే ఆడపిల్లలు ప్రతి క్లాసులో ఉంటారు. వాళ్లు గ్రూపులో ఏమీ రాయరు, రాయమని పట్టుబట్టకండి. లైబ్రరీలో మీ పేపర్ పేరుతో ఒక ఫైలు పెట్టించి, వారంవారం షీట్లు అందులో వేయండి. టీ-శాట్ (తెలంగాణ ప్రభుత్వ విద్యా చానల్) పాఠాల్లో మీ సిలబస్‌కు దగ్గరగా ఉన్నవి దొరికితే కాలేజీలోనే ప్రొజెక్టర్ మీద చూపించండి. ఇంట్లో చూసుకోండని చెప్పి చేతులు దులుపుకుంటే చూడగలిగినవాళ్లే చూస్తారు.

తెలుగు మీడియంలో ఇంటర్ చదివి వచ్చారు, ఇక్కడ పుస్తకమంతా ఇంగ్లిష్. ఎటు మొగ్గాలి?

విషయం తెలుగులో అర్థం చేయించండి, సాంకేతిక పదం ఇంగ్లిష్‌లోనే ఉంచండి, జవాబు ఇంగ్లిష్‌లో రాసే అలవాటు మెల్లగా చేయించండి. డిప్రిసియేషన్ (వాడేకొద్దీ ఆస్తి విలువ తరగడం) చెప్పాలంటే ఊళ్లో కొన్న ట్రాక్టర్ ఐదేళ్లకు ఎంతకు అమ్ముడుపోతుందో అడగండి, పుస్తకంలోని నిర్వచనం తర్వాత తీయండి. నారాయణపేట సరిహద్దు పిల్లలు కొందరు ఇంట్లో కన్నడం మాట్లాడతారు, తండా పిల్లలు లంబాడీ మాట్లాడతారు. జంటలుగా చర్చించుకోమన్నప్పుడు వాళ్ల భాషలో మాట్లాడుకోనివ్వండి. క్లాసు ఎందుకు గోలగా ఉందని ఎవరైనా అడిగితే చర్చ నడుస్తోందని చెప్పండి.

నోట్సు, వీడియో ముందే ఇచ్చేస్తే క్లాసుకు ఎవరొస్తారు?

క్లాసులో మళ్లీ అదే చదివితే ఎవరూ రారు, రాకపోవడమే తెలివైన పని. ఖాళీలు వదిలిన షీట్ ఇవ్వండి: లెక్కలో మధ్య మెట్లు, పటంలో పేర్లు, వాదంలో రెండో వైపు ఖాళీగా ఉండాలి. అవి క్లాసులోనే నిండాలి.

## క్లాసులు నడుస్తుండగా

పత్తి ఏరే రోజుల్లో సగం బెంచీలు ఖాళీ. ఉన్నవాళ్లకు చెప్పుకుంటూ పోవాలా, రానివాళ్ల కోసం ఆగాలా?

ఆగొద్దు. వచ్చినవాళ్లు ఏం పాపం చేశారు? అయితే యూనిట్ల వరుస మీ చేతిలోనే ఉంటుంది. అన్నిటికంటే కష్టమైన యూనిట్‌ను ఆ వారాల్లో పెట్టకుండా చూసుకోండి. ప్రతి క్లాసుకూ ఒక పేజీ సారాంశం ఉంచండి: ఆ రోజు విషయం, ఒక ఉదాహరణ, ఒక ప్రశ్న. పనులు తగ్గాక తిరిగొచ్చినవాళ్లకు ఒక పీరియడ్ కేటాయించి, అప్పుడు క్లాసులో ఉన్న పిల్లల చేతే చెప్పించండి. చెప్పేవాళ్లకూ అది రివిజనే.

ఇంకో దారి ఉంది, ఎకనామిక్స్, కామర్స్ వాళ్లకు బాగా పనికొస్తుంది. తిరిగొచ్చిన అమ్మాయిని ‘ఇన్నాళ్లు ఎక్కడ పోయావ్’ అని నిలబెట్టే బదులు ఇంట్లో ఉన్న తక్‌పట్టీ (పత్తి అమ్మినప్పుడు తూకం, ధర రాసి ఇచ్చే చీటీ) తెమ్మనండి. 2025-26 సీజన్‌కు పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాకు 8,110 రూపాయలు, 8 శాతం తేమ ఉంటే. తేమ పెరిగిన ప్రతి ఒక్క శాతానికీ ఒక శాతం ధర కోస్తారు. 12 శాతం దాటితే సీసీఐ (మద్దతు ధరకు పత్తి కొనే కేంద్ర సంస్థ) కొనదు. 12 దగ్గర రేటు 7,785.60 రూపాయలు. ఇప్పుడు క్లాసును అడగండి: 12 శాతం తేమ ఉన్న క్వింటా పత్తిని ఇంకో రెండ్రోజులు ఆరబెట్టి 8కి తెస్తే లాభమా?

అందరూ లాభమే అంటారు. లెక్క వేయించండి. ఆ క్వింటాలో నీరు 12 కిలోలు, మిగతాది 88 కిలోలు. తేమ 8 శాతానికి వచ్చేసరికి మొత్తం బరువు 95.65 కిలోలకు పడిపోతుంది. పూర్తి ధరకు అమ్మినా వచ్చేది సుమారు 7,757 రూపాయలు, అంటే ఆరబెట్టకుండా అమ్మినదానికంటే 28 రూపాయలు తక్కువ. అదే పత్తిలో తేమ 14 ఉంటే కథ వేరు, అప్పుడు ఆరబెట్టక తప్పదు. ప్రైవేటు వ్యాపారి ఎంత కోశాడు, సీసీఐకి అమ్మడానికి కపాస్ కిసాన్ యాప్‌లో స్లాట్ ఎన్నాళ్లకు దొరికింది, అప్పు తీర్చాల్సిన గడువు ఎప్పుడు అన్న ప్రశ్నలు వాటంతటవే వస్తాయి. క్లాసుకు రాని పిల్ల దగ్గరే ఆ రోజు క్లాసుకు కావలసిన సమాచారమంతా ఉంటుంది. అది ఇంకా పెరిగితే కళాశాల విద్యాశాఖ వాళ్ల జిజ్ఞాస స్టడీ ప్రాజెక్టుకూ పనికొస్తుంది.

లెక్చర్ మానేయాలా? నాకు నిలబడి చెప్పడమే బాగా వచ్చు.

బాగా చెప్పేవాళ్లు చెప్పాల్సిందే. మధ్యలో ఒక్క ప్రశ్న పెట్టండి చాలు. హార్వర్డ్‌లో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజూర్ 1990ల మొదట్లో తెచ్చిన పద్ధతి ఇది: నాలుగు జవాబులున్న ప్రశ్న వేసి, ముందు ఎవరికి వాళ్లు జవాబు ఎంచుకోవాలి, తర్వాత పక్కవాళ్లతో వాదించుకోవాలి, మళ్లీ ఎంచుకోవాలి. మనకు క్లిక్కర్లు (జవాబు నొక్కే చిన్న రిమోట్లు) అక్కర్లేదు. ఒకటి నుంచి నాలుగు దాకా వేళ్లు ఛాతీకి ఆనించి చూపించమనండి. చెయ్యి పైకెత్తమంటే ముందు బెంచీ టాపర్‌ను చూసి అందరూ అదే ఎత్తుతారు. దాదాపు అందరిదీ సరైతే ముందుకు పొండి, ఎవరికీ రాకపోతే మళ్లీ చెప్పండి, సగం సగంగా ఉంటే వాదించుకోనివ్వండి.

సైన్స్ ప్రాక్టికల్స్‌లో వెసులుబాటు ఎలా కుదురుతుంది?

బ్యూరెట్ పట్టుకోవడం ఫోన్‌లో రాదు. పద్ధతి, జాగ్రత్తలు, లెక్కలు మాత్రం ముందే ఇచ్చేయవచ్చు, ల్యాబ్ సమయమంతా చేతిపనికే మిగులుతుంది. కెమిస్ట్రీ వాళ్లకు నల్లగొండలో ఉన్నంత మంచి ఉదాహరణ ఇంకెక్కడా ఉండదు. నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించడానికి పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ వాడే పద్ధతిని నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) 1970లలో తయారుచేసింది. ప్రపంచమంతా దాన్ని నల్లగొండ టెక్నిక్ అనే అంటుంది. మర్రిగూడ, మునుగోడు వైపు పిల్లలను ఊరి బోరు నీళ్లు ఒక సీసా, నల్లా నీళ్లు ఒక సీసా తెమ్మనండి. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే 1.5 దాకా అన్నది ప్రమాణం. ల్యాబ్ తప్పిపోయినవాళ్లు ఇంకో రోజు తమ సీసాతో వచ్చి చేసుకోవచ్చు.

ఫీడ్‌బ్యాక్ ఫారంలో అందరూ ‘ఎక్సలెంట్’ అని టిక్ పెడతారు. దాంతో ఏం తెలుస్తుంది?

ఏమీ తెలియదు, అది ఫైలు కోసం. నెలకోసారి పేరు రాయని చీటీ తీసుకోండి: ‘ఈ నెలలో అర్థం కానిది ఏది?’ తెలుగులో రాయమనండి. తర్వాతి క్లాసు మొదట్లో ఒక్క చీటీకైనా జవాబు చెబితేనే మరుసటి నెల నిజం రాస్తారు.

## ఇంటర్నల్స్, అసైన్‌మెంట్లు

ఒక్కొక్కరికి ఒక్కో రకం అసైన్‌మెంట్ ఇస్తే పక్షపాతం అనరా?

కొలిచే విషయం ఒకటే అయితే అనరు. మార్కులు దేనికెన్నో ముందే బోర్డు మీద రాయండి: విషయం సరిగా ఉందా, ఉదాహరణ సొంతదా, కారణం చెప్పారా. తర్వాత రాసి ఇస్తారో, క్లాసు ముందు నిలబడి చెబుతారో, చార్ట్ వేస్తారో వాళ్ల ఇష్టం. గడువు విషయంలో మాత్రం మెత్తబడకండి. ఒక వారం సడలింపు అందరికీ ఒకేలా ప్రకటించండి. చాటుగా వచ్చి అడిగినవాళ్లకే పొడిగిస్తే, అడగడానికి మొహమాటపడే పిల్లలు నష్టపోతారు. ఇంటర్నల్స్ మార్కుల షీట్‌తో పాటు ఈ కొలమానం కాగితం కూడా దాచండి, రేపు ఎవరైనా అడిగినా టెన్షన్ ఉండదు.

అందరూ చాట్‌జీపీటీలో రాసుకొస్తున్నారు. ఏం చేయమంటారు?

కనిపెట్టే సాఫ్ట్‌వేర్‌లను నమ్మకండి, అమాయకులు బలైపోతారు. ప్రశ్న మార్చండి. ‘నిరుద్యోగానికి కారణాలు వివరించండి’ అంటే యంత్రం మూడు పేజీలు ఇస్తుంది. ‘మీ వీధిలో డిగ్రీ పూర్తి చేసిన ముగ్గురు ఇప్పుడేం చేస్తున్నారు, ఎందుకు?’ అంటే వీధిలోకి వెళ్లక తప్పదు. ఇచ్చినదాని మీద రెండు నిమిషాలు నోటితో ప్రశ్నించండి. అందరినీ అడగలేరు, రోజుకు నలుగురిని అడిగినా ఆ సంగతి మిగతావాళ్లకు చేరిపోతుంది.

## మన చదువు: ట్రైనింగ్‌లు, సర్టిఫికెట్లు

ఓరియంటేషన్, రిఫ్రెషర్, ఎఫ్‌డీపీ: వీటికి తేడా ఏంటి? ఎక్కడ చేయాలి?

కొత్తగా చేరినవాళ్లకు సుమారు నాలుగు వారాల ఇండక్షన్. పాతవాళ్లు ఓరియంటేషన్ అనేది దాదాపు ఇదే. సబ్జెక్టులో తాజాదనం కోసం రెండు వారాల రిఫ్రెషర్. ఎఫ్‌డీపీ (ఫ్యాకల్టీ డెవలప్‌మెంట్ ప్రోగ్రాం) వారం రోజులది. 1986 విద్యా విధానం తర్వాత ఈ ట్రైనింగ్‌ల కోసం వచ్చిన అకడమిక్ స్టాఫ్ కాలేజీలే 2015లో హెచ్‌ఆర్‌డీసీలు (మానవ వనరుల అభివృద్ధి కేంద్రాలు) అయ్యాయి, 2023లో మాలవీయ మిషన్ కేంద్రాలయ్యాయి. బోర్డులు మారాయి, బిల్డింగులు అవే. మనకు దగ్గరగా హైదరాబాద్‌లోనే ఉస్మానియా, సెంట్రల్ యూనివర్సిటీ, జేఎన్‌టీయూ, మనూ (ఉర్దూ యూనివర్సిటీ)ల్లో ఉన్నాయి. దరఖాస్తుకు ముందే ప్రిన్సిపాల్ అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. ప్రమోషన్‌కు ఏది లెక్కకొస్తుందో మీ కేడర్‌కు వర్తించే ఉత్తర్వు తీసి చదవండి, స్టాఫ్ రూం మాట మీద ఆధారపడొద్దు.

ఆన్‌లైన్ ఎఫ్‌డీపీ అంటే కెమెరా ఆఫ్ చేసి ఐదు రోజులు కూర్చోవడమే. ఉపయోగం ఉందా?

అలా కూర్చుంటే సర్టిఫికెట్ తప్ప ఏమీ మిగలదు. షెడ్యూల్‌లో మీతో ఏదైనా చేయించే సెషన్ ఉందా అని ముందే చూడండి. ఐదు రోజులూ ఉపన్యాసాలే అయితే వదిలేయండి. లెక్చర్ మానండని మూడు గంటలు లెక్చర్ ఇచ్చేవాళ్లు కూడా మనకు తక్కువేం లేరు. డబ్బు కడితే హాజరు లేకుండానే సర్టిఫికెట్ పంపుతామనే లింకుల జోలికి మాత్రం అసలు పోవద్దు.

స్వయం, ఎన్‌పీటీఎల్ కోర్సులు పిల్లలకేనా, మనమూ చేయొచ్చా?

చేయొచ్చు. నేర్చుకోవడం ఉచితం, సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు. ఐఐటీలవాళ్లు నడిపే ఎన్‌పీటీఎల్‌లో అసైన్‌మెంట్లకు 25, పరీక్షకు 75 మార్కుల లెక్క. మొదటిసారి నాలుగో ఎనిమిదో వారాల కోర్సు తీసుకోండి. వారం వారం గడువు దాటకుండా అసైన్‌మెంట్ పంపడం ఎంత కష్టమో తెలిశాక, మన పిల్లల ఆలస్యాల మీద కోపం కొంత తగ్గుతుంది.

క్లాసు అయ్యాక రాసుకోండి అంటారు. టీచింగ్ డైరీ ఉంది కదా, ఇంకేం రాయాలి?

టీచింగ్ డైరీ ప్రిన్సిపాల్ సంతకానికి. ‘డిమాండ్ వ్యాకోచత్వం, లెక్చర్ పద్ధతి’ అని రాస్తే పని అయిపోతుంది. మీ కోసం వేరే నోట్‌బుక్‌లో మూడు ముక్కలు చాలు: పిల్లలు ఎక్కడ ఆగిపోయారు, ఏ ఉదాహరణకు తలలూపారు, వచ్చే ఏడాది ఏం మార్చాలి. అది కూడా రోజూ అక్కర్లేదు, పాఠం తన్నేసిన రోజునా బాగా పండిన రోజునా రాయండి. ఆ పేజీలను మరుసటి ఏడాది టీచింగ్ ప్లాన్ రాసే రోజు తీసి పక్కన పెట్టుకోకపోతే రాసి లాభం లేదు.

తోటి లెక్చరర్ వచ్చి నా క్లాసులో కూర్చుంటానంటే ఇబ్బందిగా ఉండదా?

ఉంటుంది. అందుకే మీ సబ్జెక్టు కాని స్నేహితులను పిలవండి. హిస్టరీ మేడం కెమిస్ట్రీ క్లాసులో కూర్చుంటే విషయంలో తప్పులు వెతకరు, పిల్లల మొహాలే చూస్తారు. ఏం గమనించాలో ముందే చెప్పండి: ‘వెనక బెంచీలు ఎప్పుడు వినడం మానేశాయో చూసి చెప్పండి మేడం’. కాగితం మీద రిపోర్టు వద్దు, చాయ్ దగ్గర మాట చాలు. తర్వాత వాళ్ల క్లాసుకు మీరు వెళ్లండి.

రిటైర్మెంట్‌కు కొద్ది ఏళ్లే ఉంది. ఇప్పుడు ఇవన్నీ నాకెందుకు?

కొత్త యాప్‌లు నేర్చుకోకపోయినా ఎవరూ తప్పుపట్టరు. మీ దగ్గర ఉన్నది వేరే వాళ్ల దగ్గర లేదు: ఏ యూనిట్‌లో ఏ పొరపాటు ఎందుకు జరుగుతుందో ఏళ్ల తరబడి చూశారు. ఫోన్‌లో వాయిస్ రికార్డర్ నొక్కి ఒక్కో యూనిట్ గురించి పది నిమిషాలు మాట్లాడండి. టైప్ చేసి పెట్టడానికి జూనియర్లు దొరుకుతారు.

ఇవన్నీ చేస్తే కాలేజీకి గ్రేడ్ ఇచ్చే నాక్ వచ్చినప్పుడు చూపించుకోవచ్చా?

చూపించుకోవచ్చు, ఆధారం ఉంటే. షీట్లు, కొలమానం కాగితం, ప్రశ్న వేసిన రోజు క్లాసు ఫొటో, పేరు లేని చీటీలు, అన్నీ తేదీతో ఒక ఫోల్డర్‌లో వేస్తూ పొండి. పిల్లల ఫోన్ నంబర్లు, మొహాలు కనిపించేవి మాత్రం వాళ్లను అడగకుండా కాలేజీ వెబ్‌సైట్‌లోకి ఎక్కించొద్దు.